తక్కువ ఖర్చుతో కూరగాయల ఎత్తు మడులు: కొలతలు, గోడ, మట్టి, మొదటి పంట

వానాకాలంలో పెరట్లో టమాటా, మిరప మొక్కలు చచ్చిపోయేది చాలాసార్లు తెగులు వల్ల కాదు, వేళ్ల దగ్గర నీళ్లు నిలవడం వల్ల. రెండు రోజులు ముసురు పట్టిందంటే నల్లరేగడి నేలలో నీరు ఇంకదు. వేళ్లకు గాలి ఆడదు, మొక్క నిలబడినట్టే ఉండి వడలిపోతుంది. నేల తడిగా ఉన్నా ఆకులు వేలాడేస్తే కారణం అదే. కొత్తగా ఇల్లు కట్టిన స్థలాల్లో ఇంకో బాధ ఉంది. పునాది తవ్విన మొరం, ఇటుక ముక్కలు, సిమెంటు పెచ్చులు అన్నీ కలిసిపోయి పార కూడా దిగదు. ఇలాంటి చోట్ల నేలను బాగుచేయాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టే బదులు, ఉన్న నేల మీదే అడుగు ఎత్తున మంచి మట్టి పోసుకుని అందులో పండించుకోవడం సులువు. అదే ఎత్తు మడి.

ఎత్తు మడి అనగానే అందరూ ముందు గోడ గురించే ఆలోచిస్తారు. టేకు చెక్కలా, డిజైన్ బ్లాకులా, పెయింట్ ఏది వేయాలి అని. ఉన్న డబ్బంతా అక్కడే అయిపోతుంది. మట్టి దగ్గరకు వచ్చేసరికి ఎవరో ఖాళీ స్థలంలో పారబోసిన మట్టి తెచ్చి నింపేస్తారు. పంట రాకపోతే విత్తనాన్ని తిడతారు. మొక్కకు గోడతో పని లేదు. గోడ పని మట్టి జారిపోకుండా ఆపడం, అంతే. అందుకే ఈ పద్ధతిలో గోడను వీలైనంత చవగ్గా ముగించి, మిగిలిన డబ్బూ ఓపికా మట్టి మీద పెడతాం.

ముందు మీ నేలకు ఎత్తు మడి అవసరమా?

అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి పూర్తిగా ఇంకాక మళ్లీ నింపండి. ఈసారి ఒక పుల్ల నిలబెట్టి, గంటకోసారి నీటి మట్టం గుర్తు పెట్టండి. గంటకు అంగుళమో ఆపైనో దిగుతుంటే మీ నేలలో నీరు బాగానే ఇంకుతున్నట్టు. ఒక పూట గడిచినా సగం నీళ్లు అలాగే ఉంటే ఎత్తు మడి కట్టుకోవాల్సిందే.

గుంటూరు, కృష్ణా వైపు నల్లరేగళ్లలో, గోదావరి డెల్టాలో కాస్త తవ్వితే నీళ్లు ఊరే పల్లపు స్థలాల్లో, హైదరాబాద్ శివార్లలో మొరం తేలిన ప్లాట్లలో ఇది బాగా అక్కరకొస్తుంది. అనంతపురం లాంటి చోట మాత్రం ఒకసారి ఆగి ఆలోచించండి. అక్కడ ఏడాదికి కురిసేది సగటున 550 మిల్లీమీటర్లే. నీరు తేలిగ్గా ఇంకే ఎర్ర నేలలో ఎత్తు మడి కడితే మట్టి నాలుగు పక్కలా ఎండకు ఆరిపోయి, పొద్దునా సాయంత్రం నీళ్లు పోస్తూ కూర్చోవాలి. అక్కడ చుట్టూ చిన్న గట్టు వేసి, లోపలి మట్టం నేలకన్నా మూడు నాలుగు అంగుళాలు పల్లంగా ఉంచుకునే మడే మేలు. మట్టి తయారుచేసే పద్ధతి మాత్రం రెండింటికీ ఒకటే.

చోటు, కొలతలు

రోజుకు కనీసం ఆరు గంటలు నేరుగా ఎండ తగిలే చోటు వెతకండి. ఆకుకూరలైతే నాలుగు గంటలతో కూడా సర్దుకుంటాయి. వంగ, టమాటా, బెండ సర్దుకోవు. పెద్ద చెట్టుకు దగ్గరగా కట్టకండి. వేప, మామిడి, కొబ్బరి వేళ్లు ఏడాది తిరిగేలోగా మడిలోకి పాకి, మీరు పోసిన ఎరువు అవే తినేస్తాయి.

వెడల్పు నాలుగు అడుగులకు మించకూడదు. రెండు వైపుల నుంచీ చెయ్యి చాపితే మధ్యకు అందాలి. మడిలో ఒక్కసారి కాలు పెట్టినా మట్టి అణిగిపోతుంది, దాంతో ఎత్తు మడి కట్టిన ప్రయోజనమే పోతుంది. ప్రహరీ గోడకు ఆనించి కడితే ఒక వైపు నుంచే అందుతుంది కాబట్టి రెండు అడుగులు, మహా అయితే రెండున్నర. పొడవు మీ ఇష్టం, కానీ ఎనిమిది అడుగులు దాటితే గోడ మధ్యలో ఉబ్బుతుంది. ఇంట్లో పెద్దవాళ్లుంటే వెడల్పు మూడు అడుగులే పెట్టండి, పాపం నడుం వంచి చెయ్యి చాచే శ్రమ తగ్గుతుంది. మడికీ మడికీ మధ్య దారి రెండు అడుగులు ఉండాలి. ఎరువు తట్ట పట్టుకుని నడిచేది అక్కడే.

ఎత్తు విషయానికొస్తే, ఆకుకూరలకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. వంగ, టమాటా, మిరప, బెండకు అడుగు. కింద నేల బండరాయో గట్టి మొరమో అయితే అడుగున్నర. కింద వేరు దిగే మామూలు నేల ఉన్నప్పుడు అడుగుకు మించి కట్టడం అనవసర ఖర్చు.

ఇక్కణ్ణుంచి లెక్కలన్నీ ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు, అడుగు ఎత్తు మడికి చెప్తాను. అందులో పట్టే మట్టి 32 ఘనపు అడుగులు. ఇసుక, కంకర కొనేటప్పుడు సీఎఫ్‌టీ అంటాం కదా, అదే. ఇలాంటి రెండు మడులు ఉంటే చిన్న కుటుంబానికి ఆకుకూరలు చాలావరకు కొనే పని ఉండదు.

గోడ దేనితో?

అన్నిటికన్నా చవకైనది అసలు గోడ లేని మడి. నాలుగు అడుగుల వెడల్పున మడికి గుర్తు పెట్టి, రెండు పక్కలా దారి వచ్చే చోట అర అడుగు లోతు తవ్వండి. ఆ మట్టి మడి మీదకు ఎత్తిపోయండి. దారి పల్లమై కాలువలా పని చేస్తుంది, మడి ఎత్తవుతుంది. అంచులు ఏటవాలుగా చేసి, పలక పారతో తట్టి, పైన వరిగడ్డి కప్పితే వానకు కోసుకుపోదు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఏటా తొలకరికి ముందు అంచులు మళ్లీ సర్దుకోవాలి, అంతే. స్థలం ఉండి, ఊళ్లో ఉండేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే.

గోడ కావాలనుకుంటే ఇంటి పనిలో మిగిలిన ఇటుకలు మొదటి ఎంపిక. మామూలు ఇటుక దాదాపు 9 అంగుళాల పొడవు, 4 వెడల్పు, 3 మందం. మన కొలత మడికి ఒక వరసకు 34 ఇటుకలు పడతాయి. పునాదిగా ఒక వరస భూమిలోకి పోతుంది కాబట్టి అడుగు ఎత్తు రావడానికి ఐదు వరసలు, అంటే 170. విరిగేవి కలిపి 180 తెచ్చుకోండి. ఇటుక 10 రూపాయలు అనుకుంటే 1,800. ఆకుకూరల మడికి అంత అక్కర్లేదు. ఇటుకలను నిలువుగా పక్కపక్కన నిలబెట్టి, మూడు అంగుళాలు భూమిలో పాతితే ఆరు అంగుళాల గోడ వస్తుంది. దీనికి 76 ఇటుకలు చాలు. ఖర్చు సగానికన్నా తగ్గిపోతుంది.

బండల అంగళ్లు, పాలిషింగ్ యూనిట్లు దగ్గర్లో ఉంటే ఇటుకలు కూడా మర్చిపోండి. కడప, బేతంచెర్ల, తాండూరు, షాబాద్ బండలు కోసే చోట పగిలిన ముక్కలు, అంచులు గుట్టలుగా పడి ఉంటాయి. అడిగితే చాలా తక్కువకు ఇస్తారు, కొన్నిసార్లు ఎత్తుకుపోతే చాలంటారు. అడుగున్నర ఎత్తు ముక్కలు ఎంచుకుని, మూడో వంతు భూమిలో పాతి, వరసగా నిలబెట్టండి. రెండు ముక్కలు కలిసే చోట బయటి వైపు ఒక పెద్ద రాయి ఆసరాగా పెట్టి మట్టి దిమ్మిస చేయండి. చెద పట్టదు, వానకు నానదు. నాకు అన్నిటిలోకీ ఇదే ఇష్టం.

సిమెంటు దిమ్మెలు 16 అంగుళాల పొడవు, 8 ఎత్తు ఉన్నవైతే వరసకు 19 పడతాయి. రెండు వరసలు పేరిస్తే 16 అంగుళాలు, మూడు నాలుగు అంగుళాలు భూమిలో పోయినా అడుగు మిగులుతుంది. బరువు ఎక్కువ కాబట్టి సిమెంటు లేకుండానే నిలుస్తాయి. కొత్త దిమ్మెలైతే వారం పాటు తడిపి వాడండి, సిమెంటు సున్నం కొంత కడుక్కుపోతుంది.

కోనసీమలో, తీరం వెంట కూలిన కొబ్బరి మొద్దులు, సరుగుడు కర్రలు దొరుకుతాయి. బాగానే ఉంటాయి కానీ రెండు మూడేళ్లకు మించి లెక్క వేసుకోవద్దు. మన దగ్గర తడి మట్టిని ఆనుకున్న ఏ కర్రకైనా చెదలు పడతాయి. చెద మందు పోస్తే అది కూరగాయల వేళ్లకే చేరుతుంది కాబట్టి ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి. కర్ర చెడిపోతే మార్చుకోవడమే.

కొన్నింటిని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. పగిలిన పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, కోసినా విరగ్గొట్టినా దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాత రైలు స్లీపర్ చెక్కలకు క్రియోసోట్ అనే విషపు నూనె పట్టించి ఉంటుంది. పాత తలుపులు, కిటికీల పెయింటులో సీసం ఉండొచ్చు. తినే కూరల పక్కన ఇవేవీ వద్దు.

ఇటుక మడి కట్టే వరస

పని ఎండాకాలంలో మొదలుపెట్టండి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండే మనకు కలుపు చంపడానికి పనికొస్తుంది. కాబట్టి ఏప్రిల్‌లో చోటు శుభ్రం చేసి, మే నెలాఖరుకు గోడా మట్టీ అయిపోయేలా చూసుకుంటే, మృగశిర వానలకు మడి తడిసి సర్దుకుంటుంది.

1. చోటులో ఉన్న గడ్డి కోసేసి చూడండి. తుంగ, గరిక ఉంటే తేలిగ్గా తీసుకోవద్దు. అట్టపెట్టెలు పరిచి మట్టి పోస్తే చాలని చెప్తారు కానీ తుంగ మొలక అట్టను పొడుచుకుని పైకి వస్తుంది. గడ్డపారతో పెళ్లగించి, తుంగ గడ్డలు, గరిక వేళ్లు చేత్తో ఏరండి. తర్వాత నేల బాగా తడిపి, తెల్లని పారదర్శక పాలిథిన్ పట్టా పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల పట్టా కన్నా తెల్ల పట్టా కిందే నేల ఎక్కువ వేడెక్కుతుంది. చాలా రకాల కలుపు గింజలు, వేళ్లకు ముడులు తెచ్చే నులిపురుగులు ఆ వేడికి తగ్గుతాయి. తుంగ పూర్తిగా పోదు, కానీ అదుపులోకి వస్తుంది.

2. నాలుగు మేకులు కొట్టి తాడు కట్టండి. మూలలు సరిగ్గా వచ్చాయో లేదో తెలుసుకోవడానికి ఎదురెదురు మూలల మధ్య ఐమూలగా రెండు వైపులా కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. ఎనిమిది బై నాలుగు మడికి అది 8 అడుగుల 11 అంగుళాల కంటే ఓ పిసరు ఎక్కువ వస్తుంది. తాడు వెంట ముగ్గు పోసుకుంటే తవ్వేటప్పుడు వంకర పోదు.

3. గీత వెంట మూడు నాలుగు అంగుళాల లోతు, ఆరు అంగుళాల వెడల్పు కాలువ తవ్వండి. అడుగున అంగుళం మందాన రాతి పొడి గానీ ఇసుక గానీ పరిచి, తడిపి, గట్టిగా దిమ్మిస చేయండి.

4. మొదటి వరస దగ్గర తొందరపడొద్దు. ఒక్కో ఇటుకా పెట్టి, రసమట్టం పెట్టి చూడండి. రసమట్టం లేకపోతే సన్నని పారదర్శక ట్యూబులో నీళ్లు నింపి మేస్త్రీలు చూసే పద్ధతిలో చూడొచ్చు. ఇటుక లేస్తే కింద ఇసుక గీకి, తగ్గితే కాస్త పోసి, పార పిడితో రెండు దెబ్బలు తట్టాలి. ఈ వరస మట్టంగా కూర్చుంటే పై నాలుగు వరసలు గంటలో అయిపోతాయి. కుదరకపోతే ప్రతి వరసా వంకర పోతూనే ఉంటుంది.

5. రెండో వరస నుంచి కింది రెండు ఇటుకల అతుకు మీద పై ఇటుక మధ్య భాగం వచ్చేలా పేర్చండి. మూలల్లో ఒక వరస ఇటు, ఒక వరస అటు కలిసేలా అల్లాలి. మధ్యలో సిమెంటు అక్కర్లేదు, మెత్తగా తొక్కిన బంకమట్టి చాలు. రేపు చోటు మార్చాలన్నా ఇటుకలు చెడకుండా వస్తాయి. భూమి పైన వచ్చే మొదటి వరసలో రెండు అడుగులకోసారి వేలెడు సందు వదలండి, నీరు పోవడానికి.

6. పొడవు గోడలకు బయటి వైపు రెండున్నర అడుగులకో ఇనుప ఊచ గానీ గట్టి సరుగుడు మేకు గానీ అడుగు లోతుకు దిగేలా కొట్టండి. తడిసిన మట్టి గోడను బయటకు నెడుతుంది. నాలుగు అంగుళాల మందం గోడ ఆసరా లేకుండా మొదటి వానాకాలానికే కడుపు ఉబ్బుతుంది.

ఇద్దరు మనుషులు పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని.

అసలు పని: మట్టి

మన మడికి 16 ఘనపు అడుగుల ఎర్రమట్టి, 10 ఘనపు అడుగుల మాగిన పశువుల ఎరువు, 6 ఘనపు అడుగుల కొబ్బరి పొట్టు కావాలి. తట్టలతో కొలిచేవాళ్లు ఐదు తట్టల మట్టికి మూడు ఎరువు, రెండు కొబ్బరి పొట్టు అని గుర్తుంచుకోండి. దీనికి తోడు రెండు కిలోల వేపపిండి (నూనె తీశాక మిగిలే వేపగింజల చెక్క).

ట్రాక్టర్ ట్రక్కు ఎర్రమట్టి తోలిస్తే ఇలాంటి నాలుగైదు మడులకు సులువుగా వస్తుంది. ఒక్క మడికి ట్రక్కు తెప్పిస్తే నష్టం, అందుకే పక్కింటివాళ్లతో కలిసి తోలించుకోండి. దించే ముందే ట్రక్కు ఎక్కి చూడండి. పిడికెడు మట్టి తీసుకుని, కాస్త తడిపి, గట్టిగా పిడికిలి బిగించి తెరవండి. ముద్ద నిలవకుండా రాలిపోతే ఇసుక ఎక్కువ. ముద్ద నిలిచి, బొటనవేలితో నొక్కగానే పలుకులుగా విడిపోతే మంచి మట్టి. నొక్కితే విడిపోకుండా వేలి ముద్ర పడి, చేతికి జిగురుగా అంటుకుంటే బంక ఎక్కువ. మొరం రాళ్లు, సున్నపు పెచ్చులు, ప్లాస్టిక్ ముక్కలు కనిపిస్తే మొహమాటపడకుండా వెనక్కి పంపండి. పాత ఇల్లు పడగొట్టిన మట్టి అసలు వద్దు, అందులోని సున్నానికి మొక్కల ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి.

మీ నేలదే నల్లమట్టి వాడుకోవాలంటే నాలుగు వంతులు మట్టి, మూడు ఎరువు, మూడు కొబ్బరి పొట్టు లేదా వరి ఊక కలపండి. నల్లరేగడిలో కాస్త ఇసుక కలిపితే వదులవుతుందని చాలామంది నమ్మకం. కాస్త ఇసుకతో అది ఇంకా గట్టిపడుతుంది. దాన్ని గుల్లగా మార్చేది ఎరువు, ఆకు చెత్త.

తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల పూడిక మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకోవడం చాలా ఊళ్లలో చూశాం. ఆ మట్టి సారవంతమైనదే, కానీ మడిలో మొత్తం అదే పోయకూడదు. తడిస్తే బంకగా మారి, ఎండితే నెర్రెలిస్తుంది. పావు వంతు దాకా కలపండి, మిగతాది ఎర్రమట్టి.

ఎరువు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పచ్చి పేడ, సగం మాగిన పెంట పోస్తే మడి లోపల వేడి పుట్టి లేత వేళ్లు మాడిపోతాయి, చెదలు వస్తాయి, తెల్లగా లావుగా ముడుచుకుని ఉండే పురుగులు వేళ్లు కొరికేస్తాయి. మాగిన ఎరువు చేతిలోకి తీసుకుంటే పేడ వాసన రాదు, తొలకరి మట్టి వాసన వస్తుంది. నల్లగా, పొడిపొడిగా ఉంటుంది, గడ్డి పరకలు కనపడవు. కుప్ప లోపలికి చెయ్యి పెడితే వేడి తగలకూడదు. దొరికింది సగం మాగినదే అయితే నీడలో కుప్ప పోసి, తడిపి, పట్టా కప్పి, రెండు వారాలకోసారి తిరగేస్తూ రెండు మూడు నెలలు ఉంచండి. కొలతకు సులువు చెప్తాను. ఖాళీ యూరియా సంచి నిండా ఎరువు పోస్తే సుమారు రెండు ఘనపు అడుగులు. అంటే మన మడికి ఐదు సంచులు. కోళ్ల ఎరువు దొరికితే అర సంచి చాలు, అదీ బాగా మాగాకే.

కొబ్బరి పొట్టు ఐదు కిలోల ఇటుకల రూపంలో దొరుకుతుంది. నానబెడితే ఒక్కోటి రెండు ఘనపు అడుగులకు పైనే ఉబ్బుతుంది కాబట్టి మూడు ఇటుకలు తెచ్చుకోండి. నానబెట్టిన నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లతో కడిగి పిండండి, అందులో ఉప్పు ఉంటుంది. ఇది కొనలేకపోతే రైసు మిల్లు దగ్గర ఊక తెచ్చుకోండి. సగం కాలిన నల్ల ఊక ఇంకా మంచిది, అది మట్టిని ఏళ్ల తరబడి గుల్లగా ఉంచుతుంది. బూడిదగా మారిపోయిన ఊక మాత్రం ఎక్కువ వేయకండి, మట్టిలో క్షారం పెరుగుతుంది.

నింపడం

ఖర్చు తగ్గించే కిటుకు ఇక్కడుంది. మడి అడుగున నాలుగు అంగుళాలు చెత్తతో నింపితే మూడో వంతు మట్టి, అంటే దాదాపు పదకొండు ఘనపు అడుగులు ఆదా అవుతుంది. కొబ్బరి డొక్కలు రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, గుంట వైపు పైకి వచ్చేలా పరచండి. అవి నీటిని పట్టి ఉంచి ఎండాకాలంలో మెల్లగా వదులుతాయి. వాటి మీద నరికిన అరటి బోదెలు, ఎండుటాకులు, మధ్యమధ్య ఒక పలుచని పొర మాగిన ఎరువు వేసి బాగా తడపండి. ఎండు కర్ర దుంగలు మాత్రం వేయొద్దు. చల్లటి దేశాల్లో అలా పాతిపెడతారు, మన నేలలో అవి చెదలకు పుట్టిల్లు.

అడుగున కంకర కూడా వద్దు. నీరు పోతుందని కంకర వేస్తారు గానీ, సన్నని మట్టిలోని నీరు పూర్తిగా నిండితే తప్ప కింది కంకరలోకి దిగదు. దాంతో కంకర పైనే తడి నిలిచి, వేళ్లకు దక్కే మట్టి లోతు తగ్గిపోతుంది.

మట్టి, ఎరువు, కొబ్బరి పొట్టు, వేపపిండి నాలుగూ నేల మీద పరిచిన పట్టాపై పోసి, పారతో మూడుసార్లు తిరగేసి కలపండి. పొరలు పొరలుగా మడిలో పోస్తే కలవవు. నింపేటప్పుడు గోడ కన్నా మూడు అంగుళాలు ఎత్తుగా, మధ్యలో ఉబ్బుగా పోయండి. మొదటి నెలలో అంతకంత అణుగుతుంది. తొక్కకండి, నీళ్లు పోసి దాన్నే అణగనివ్వండి.

నింపాక రెండు మూడు వారాలు తడుపుతూ వదిలేయాలి. ఆ మధ్యలో ఒకసారి జీవామృతం పోస్తే మంచిది. ఒక కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి 20 లీటర్ల నీళ్లలో కలిపి, నీడలో రెండు రోజులు ఉంచాలి. రోజుకు రెండుసార్లు కర్రతో కలియబెట్టి, వారంలోపు వాడేయండి. పేడ దొరకని పట్నంవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, మాగిన ఎరువు సరిగ్గా ఉంటే అది లేకపోయినా మడి నడుస్తుంది.

మొదటి పంట, నీళ్లు

కొత్త మడిలో మొదట తోటకూర చల్లండి. 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది, పైగా మీ మట్టి ఎలా ఉందో అదే చెప్పేస్తుంది. ఆకు పెద్దగా, ముదురు రంగులో వస్తే మట్టి కుదిరినట్టే. కింది ఆకులు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంటే నత్రజని చాలడం లేదు, ఇంకో సంచి మాగిన ఎరువు పైన పరిచి తడపాలి. మొక్కలు మొలిచినట్టే మొలిచి చచ్చిపోతుంటే ఎరువు ఇంకా మాగలేదు. ఇంకో నెల ఆగండి.

తోటకూర అయ్యాక పెద్ద పంటలకు రండి. వంగ, టమాటా అయితే రెండు వరసల్లో, మొక్కకూ మొక్కకూ రెండు అడుగుల దూరంతో, మడికి ఎనిమిది. కనిపించేది ఖాళీగా ఉందని ఇంకా నాటకండి, గాలి ఆడక తెగుళ్లు వస్తాయి. మిరపకు అడుగున్నర, బెండకు అడుగు నుంచి అడుగున్నర. ఖాళీల్లో కొత్తిమీర, మెంతికూర చల్లుకోవచ్చు. బీర, సొర, కాకర మడి ఉత్తరపు చివర నాటి పందిరి మీదకు పాకిస్తే, మిగతా మొక్కలకు తగిలే చలికాలపు ఎండకు అవి అడ్డం రావు. మూలల్లో బంతి మొక్కలు పెట్టండి, నులిపురుగులను అవి కొంత తగ్గిస్తాయి.

నాటిన రోజే మట్టి మీద రెండు అంగుళాల మందాన వరిగడ్డి, వేరుశెనగ పొట్టు, ఎండుటాకులు ఏవి ఉంటే అవి కప్పండి. ఎత్తు మడిని ఎండాకాలంలో కాపాడేది ఈ కప్పే. మొక్క మొదలుకు మాత్రం తగలకుండా రెండు వేళ్ల సందు వదలండి.

నిండుగా పెరిగిన మడికి మే నెలలో రోజుకు 20 నుంచి 25 లీటర్లు, చలికాలంలో అందులో సగం పడుతుంది. పోసే ముందు చూపుడు వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి. వేలికి తడి అంటితే ఆ పూట మానేయండి. డ్రిప్పు వేయాలనుకుంటే అడుగుకో రంధ్రం ఉండే 16 మిల్లీమీటర్ల పైపులు రెండు వరసలు చాలు. డ్రిప్పు లేనివాళ్లు కుమ్మరి చేసిన మామూలు మట్టి కుండలు, రంగు వేయనివి, రెండు తెచ్చి మెడ దాకా మడిలో పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి తడి ఊరుతుంది. నాలుగైదు రోజులు ఊరెళ్లినా మొక్కలు బతుకుతాయి. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండకు అడ్డంగా 50 శాతం నీడనిచ్చే పచ్చ నెట్టు కడితే టమాటా పూత రాలడం తగ్గుతుంది.

కోళ్లు తిరిగే ఇల్లయితే మొలకలు నిలదొక్కుకునేదాకా పాత చేపల వల కప్పాలి. బండ ముక్కల గోడలో సందులు మట్టితో పూడ్చేయండి, ఎలుకలు చేరితే వాటి వెనకే పాములు వస్తాయి.

మేడ మీద కట్టాలనుకుంటే

ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. తడిసిన ఎర్రమట్టి అడుగు మందాన పోస్తే చదరపు మీటరుకు దాదాపు 500 కిలోల బరువు. భవనాలు మోయాల్సిన బరువుల లెక్క చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే మేడకు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే 150 కిలోల పైచిలుకు. మూడు రెట్లు ఎక్కువ! పైన చెప్పిన ఇటుక మడిని శ్లాబు నడిమధ్య కట్టడం ప్రమాదం.

మేడ మీద మడులు బీములకూ గోడలకూ సరిగ్గా పైన, పిట్టగోడల వెంట, రెండు అడుగుల వెడల్పుతోనే ఉండాలి. ఆకుకూరలకు ఆరేడు అంగుళాల మట్టి చాలు, అందులో సగం కొబ్బరి పొట్టు ఉంచితే బరువు బాగా తగ్గుతుంది. గోడ కట్టే బదులు సిల్పాలిన్ లేదా హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన బెడ్ సంచులు వాడి, కింద నాలుగు అంగుళాల ఎత్తున ఇటుకలు పెట్టి లేపండి. శ్లాబు ఆరుతుంది, ఊడవడానికి వీలవుతుంది, నీరు కారుతోందో లేదో కనపడుతుంది. పాత ఇల్లయితే ఒక్క సంచి పెట్టే ముందు కూడా ఇంజనీరుకు చూపించండి. ఆయనకిచ్చే ఫీజు తగ్గించుకోవాల్సిన ఖర్చు కాదు.

రెండో ఏడాది

ఏడాది తిరిగేసరికి అడుగున వేసిన డొక్కలు, ఆకులు కుళ్లి మడి మూడు నాలుగు అంగుళాలు దిగుతుంది. మే నెలలో రెండు మూడు సంచుల మాగిన ఎరువు, ఒక కిలో వేపపిండి పైన పరిచి, ముళ్ల పారతో పై ఐదారు అంగుళాలు కదిలిస్తే చాలు. మొత్తం తిరగేస్తే అడుగున ఏర్పడ్డ గుల్లతనం పోతుంది. తొలకరికి మడి ఖాళీగా ఉంచగలిగితే జనుము చల్లి, 40, 45 రోజులకు పూత రాకముందే కోసి అక్కడే కలిపేయండి. ఎరువు ఖర్చు చాలావరకు తగ్గుతుంది.

వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం. ఒకటి తీసేసిన చోట రెండోది నాటొద్దు. వాటి తర్వాత గోరుచిక్కుడు గానీ అలసంద గానీ, దాని తర్వాత ఆకుకూరలు, ఆ తర్వాతే మళ్లీ వంగ. పాత వంగ మొక్క పీకినప్పుడు దాన్ని చెత్తలో పారేసే ముందు వేళ్లకున్న మట్టి దులిపి, వెలుగులో పెట్టి చూడండి. వేళ్లు సాఫీగా ఉంటే భయం లేదు. పూసలు గుచ్చినట్టు ముడులు ముడులుగా ఉంటే నులిపురుగు పట్టింది. ఆ మొక్కను వేళ్లతో సహా ఎండబెట్టి కాల్చేయండి, కంపోస్టు గుంతలో వేయొద్దు. ఆ మడికి వేపపిండి రెట్టింపు చేసి, ఒక పంట కాలం మొత్తం బంతి వేసి, వచ్చే ఏప్రిల్‌లో తడిపి తెల్ల పట్టా కప్పండి.